కెర్నెల్ మారినా నిలిచే డ్రైవర్: ఒకే కోడ్, అనేక వెర్షన్లు

7.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• లైనక్స్ కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎందుకు మారుతుంటాయో వివరించగలుగుతారు.
• వెర్షన్ పరీక్షకు, సదుపాయ పరీక్షకు తేడా చెప్పగలుగుతారు.
• మార్పులన్నింటినీ ఒకే హెడర్ ఫైలులో సర్ది, డ్రైవర్ కోడ్‌ను శుభ్రంగా ఉంచే పద్ధతిని పాటించగలుగుతారు.
• హెచ్చరికను నోరు మూయించడానికి, తప్పును సరిదిద్దడానికి మధ్య తేడా గుర్తించగలుగుతారు.

గమనిక: ఈ పాఠంలో ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలోనే ఇచ్చాం. కంప్యూటర్‌లో టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషులో, పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టి రాయాలి.

7.1 పరిచయం

2018లో మంచిర్యాల ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆదివారం ప్రాక్టికల్ తరగతులు తీసుకోవడానికి కరీంనగర్ నుంచి వెళ్తుండేవాణ్ణి. లాబ్‌లో ఉష్ణోగ్రత, వోల్టేజి వంటి కొలతలను కంప్యూటర్‌లోకి తెచ్చే కార్డులు ఉండేవి. వాటి డ్రైవర్‌ను అమ్మిన సంస్థ సోర్స్ కోడ్ రూపంలో ఇచ్చింది. ఆ సంస్థ తరవాత ఆ కార్డు తయారీనే మానేసింది. ఒక శనివారం సాయంత్రం లాబ్ యంత్రాలను ఉబుంటు 16.04 నుంచి 18.04కు మార్చాం. దానితో కెర్నెల్ 4.4 నుంచి 4.15కు మారింది. డ్రైవర్‌ను మళ్ళీ బిల్డ్ చేస్తే, 'సెటప్_టైమర్' అనే ఫంక్షన్‌కు ప్రకటనే లేదంటూ కంపైలర్ ఆగిపోయింది. మర్నాడు ఉదయం ప్రాక్టికల్ పరీక్ష. ఆసిఫాబాద్, ఉట్నూరు, సిర్పూర్ వైపు నుంచి విద్యార్థులు తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. వారిలో కొందరు ఆ రోజు కూలి వదులుకొని వచ్చేవాళ్ళు.

ఆ రాత్రి నేను తొందరపడి ఒక తప్పు చేశాను. దాని గురించి 7.6లో చెబుతాను. పరీక్ష ఎలా గట్టెక్కిందంటే, కొన్ని యంత్రాల్లో పాత కెర్నెల్ ఇంకా మిగిలి ఉంది. బూట్ మెనూలో దాన్ని ఎంచుకొని, విద్యార్థులను రెండు జట్లుగా విడగొట్టి ముగించాం. అయితే ఆ పని ముందుగా చేసి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆ ముందస్తు పని ఏమిటన్నదే ఈ పాఠం.

7.2 కెర్నెల్ లోపల ఎందుకు మార్పులు?

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లైనక్స్ కెర్నెల్‌కు ఇప్పుడు సుమారు 9, 10 వారాలకొక కొత్త వెర్షన్ వస్తోంది. ఇక్కడ రెండు రకాల ఇంటర్‌ఫేస్‌లను వేరుగా చూడాలి.

మొదటిది, సాధారణ ప్రోగ్రాములు కెర్నెల్‌ను పిలిచే మార్గం, అంటే సిస్టమ్ కాల్స్. దీన్ని కెర్నెల్ బృందం ఎంతో జాగ్రత్తగా కాపాడుతుంది. పదేళ్ళ క్రితం బిల్డ్ చేసిన ప్రోగ్రాము నేటి కెర్నెల్ మీద కూడా నడవాలన్నది వారి నియమం.

రెండోది, కెర్నెల్ లోపలి భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకొనే మార్గం. డ్రైవర్లు దీని మీదే ఆధారపడతాయి. దీనికి స్థిరత్వం ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన ఒక పత్రం కెర్నెల్ సోర్స్‌తో పాటే వస్తుంది. స్థిరమైన లోపలి ఇంటర్‌ఫేస్ ఎందుకు వద్దో అందులో వివరించారు. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లను కనీసం మూడు సార్లు తిరగరాశారని, పాతవాటిని అలాగే ఉంచి ఉంటే వాటి లోపాలను కూడా మోయవలసి వచ్చేదని ఆయన వాదన.

దీన్ని మన జిల్లాల ఉదాహరణతో అర్థం చేసుకొందాం. 2016 అక్టోబర్ 11న తెలంగాణ జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు. అప్పటివరకు బాసర ఆదిలాబాద్ జిల్లాలో, సిరిసిల్ల, రామగుండం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఆ రోజు నుంచి బాసర నిర్మల్ జిల్లాకు, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు, రామగుండం పెద్దపల్లి జిల్లాకు చేరాయి. ప్రభుత్వ కార్యాలయం తన రిజిస్టర్లను తానే మార్చుకొంటుంది. కాని ఊళ్ళో జిరాక్స్ షాపతను సొంతంగా అచ్చు వేయించుకున్న దరఖాస్తు ఫారాలను ఎవరు మారుస్తారు? ఆయనే మార్చుకోవాలి. మార్చుకోకపోతే ఫారం తిరిగొస్తుంది, బస్సు చార్జీ దరఖాస్తుదారుకు దండగ.

కెర్నెల్ సోర్స్ ట్రీలో చేరిన డ్రైవర్ కార్యాలయం రిజిస్టరు వంటిది. ఒక ఫంక్షన్‌ను మార్చే వ్యక్తే, ట్రీలో దాన్ని వాడే డ్రైవర్లన్నింటినీ సరిచేయాలన్నది సంప్రదాయం. వందల ఫైళ్ళలో ఒకే రకం మార్పు చేయవలసి వచ్చినప్పుడు కాక్సినెల్ అనే పరికరాన్ని కూడా వాడతారు. ట్రీ బయట ఉన్న డ్రైవర్ మాత్రం జిరాక్స్ షాపు ఫారం వంటిది. దాని సంగతి కెర్నెల్ బృందానికి తెలియదు. ఆ బరువు మనదే.

7.3 కొన్ని నిజమైన మార్పులు

ట్రీ బయటి డ్రైవర్లను తరచుగా ఇబ్బంది పెట్టిన మార్పులు కొన్ని చూద్దాం.

• 4.15: 'సెటప్_టైమర్' తొలగింది. దాని స్థానంలో 'టైమర్_సెటప్' వాడాలి. ఇది 4.14లోనే వచ్చింది.
• 5.0: 'యాక్సెస్_ఓకే'కు ఇచ్చే మూడు ఆర్గ్యుమెంట్లలో మొదటిది పోయి రెండే మిగిలాయి.
• 5.6: 'ప్రాక్_క్రియేట్'కు 'ఫైల్_ఆపరేషన్స్' బదులు 'ప్రాక్_ఆప్స్' అనే స్ట్రక్చర్ ఇవ్వాలి. ఇదే వెర్షన్‌లో 'ఐఓరీమ్యాప్_నోక్యాష్' తొలగింది, 'ఐఓరీమ్యాప్' సరిపోతుంది.
• 6.4: 'క్లాస్_క్రియేట్' నుంచి యజమాని మాడ్యూల్‌ను తెలిపే ఆర్గ్యుమెంటు పోయింది, పేరు ఒక్కటే ఇవ్వాలి.
• 6.11: ప్లాట్‌ఫారమ్ డ్రైవర్‌లోని 'రిమూవ్' ఫంక్షన్ పూర్ణాంకం తిరిగివ్వడం మానేసింది, అది ఇప్పుడు 'వాయిడ్'.

ఈ జాబితాను కంఠస్థం చేయనవసరం లేదు. మార్పులు ఏయే రకాలో గమనించండి: పేరు మారడం, ఆర్గ్యుమెంటు తగ్గడం, స్ట్రక్చర్ మారడం, తిరిగిచ్చే విలువ రకం మారడం. ప్రతి రకానికి చికిత్స వేరు.

7.4 వెర్షన్ పరీక్ష

కెర్నెల్ హెడర్లలో 'లైనక్స్_వెర్షన్_కోడ్' అనే సంఖ్య ఉంటుంది. మనం పోల్చదలచిన వెర్షన్‌ను అదే రూపంలోకి మార్చడానికి 'కెర్నెల్_వెర్షన్' అనే మాక్రో ఉంది. ఇది మొదటి అంకెను 65536తో, రెండోదాన్ని 256తో గుణించి, మూడోదాన్ని కలుపుతుంది. ఉదాహరణకు 4.15.0 విలువ:

4 × 65536 + 15 × 256 + 0 = 262144 + 3840 = 265984.

వెర్షన్ కోడ్ దీనికి సమానంగా లేదా ఎక్కువగా ఉంటే కొత్త పద్ధతి, తక్కువగా ఉంటే పాత పద్ధతి అని ప్రీప్రాసెసర్‌కు 'ఇఫ్', 'ఎల్స్' ద్వారా చెబుతాం. ఇది 'తేదీ 11-10-2016 లేదా ఆ తరవాతైతే నిర్మల్, అంతకు ముందైతే ఆదిలాబాద్' అని రాసుకోవడం వంటిది.

ఈ లెక్కలో ఒక చిక్కు దాగి ఉంది. మూడో అంకె 255 దాటితే ఏమవుతుంది? 4.4.256 విలువను లెక్క కట్టండి. 4 × 256 + 256 అంటే 5 × 256. అంటే అది 4.5.0గా కనిపిస్తుంది! 2021 ఫిబ్రవరిలో 4.4, 4.9 వరుసలు నిజంగానే ఈ హద్దు దాటాయి. అందుకే మూడో అంకె ఎంతైనా, వెర్షన్ కోడ్‌లో దాన్ని 255 దగ్గరే ఆపేలా సరిచేశారు. కాబట్టి 255 పైబడిన మూడో అంకెలను వేరు చేసే పరీక్షలు రాయకండి.

7.5 సదుపాయ పరీక్ష

వెర్షన్ సంఖ్య ఎప్పుడూ నిజం చెప్పదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 కెర్నెల్ సంఖ్య 4.18. కాని ఆ సంస్థ తరవాతి కెర్నెళ్ళలోని ఎన్నో మార్పులను వెనక్కి తెచ్చి అందులో కలుపుతుంది. దీన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. 2015లో అచ్చయిన ఫారం మీద ఎవరో పెన్నుతో 'నిర్మల్' అని దిద్దినట్టన్నమాట. అచ్చు తేదీ చూసి 'ఇందులో ఆదిలాబాద్ ఉంటుంది' అనుకుంటే పొరబడతాం. ఫారం తెరిచి చూడాలి.

సదుపాయ పరీక్ష చేసేది అదే. బిల్డ్‌కు ముందు ఒక చిన్న సీ ఫైలు రాసి, అందులో మనకు కావలసిన ఫంక్షన్‌ను కావలసిన రూపంలో పిలిచి, ఆ కెర్నెల్ హెడర్లతో కంపైల్ చేసి చూస్తాం. కంపైల్ అయితే సదుపాయం ఉన్నట్టు ఒక మాక్రోను నిర్వచిస్తాం. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ, ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వంటి పెద్ద ప్రాజెక్టులు ఈ దారిలోనే నడుస్తాయి.

దీనికీ ఒక లోపం ఉంది. హెడర్ ఫైలు దొరక్కపోయినా, మనం అక్షరదోషం చేసినా పరీక్ష విఫలమవుతుంది. దాన్ని మన స్క్రిప్టు 'సదుపాయం లేదు' అని తప్పుగా అర్థం చేసుకొంటుంది. అందుకని ముందుగా, తప్పకుండా కంపైల్ కావలసిన ఒక ఖాళీ మాడ్యూల్‌ను పరీక్షించండి. అదే కంపైల్ కాకపోతే అక్కడితో ఆగి, పరిసరాలు సరిగా లేవని తెలపాలి.

ఏది ఎప్పుడు వాడాలి? ఉబుంటు, డెబియన్ వంటి రెండు మూడు పంపిణీలే మీ లక్ష్యమైతే వెర్షన్ పరీక్ష చాలు. బ్యాక్‌పోర్టులు ఎక్కువగా ఉండే కెర్నెళ్ళ మీద కూడా నడవాలంటే సదుపాయ పరీక్ష మేలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) 5.6.0కు 'కెర్నెల్_వెర్షన్' మాక్రో ఇచ్చే విలువ ఎంత?
(ఆ) సిస్టమ్ కాల్స్‌కు, లోపలి ఇంటర్‌ఫేస్‌లకు స్థిరత్వం విషయంలో తేడా ఏమిటి?

7.6 హెచ్చరికలు, వాటి వెనక ఉన్న తప్పులు

ఇప్పుడు ఆ శనివారం రాత్రి సంగతి. పాత 'సెటప్_టైమర్'కు టైమర్, కాల్‌బ్యాక్ ఫంక్షన్, ఒక డేటా విలువ ఇచ్చేవాళ్ళం. ఆ డేటాగా మన పరికరం స్ట్రక్చర్ చిరునామాను 'అన్‌సైన్డ్ లాంగ్'గా మార్చి పంపేవాళ్ళం. కొత్త 'టైమర్_సెటప్' డేటా తీసుకోదు. అది కాల్‌బ్యాక్‌కు టైమర్ చిరునామానే ఇస్తుంది.

నేను పేరు మార్చి, మూడో ఆర్గ్యుమెంటుగా సున్నా పెట్టాను. కాల్‌బ్యాక్ రకం సరిపోలేదని కంపైలర్ అభ్యంతరం చెప్పింది. ఆ ఫంక్షన్ ముందు ఒక టైప్ కాస్ట్ పెట్టాను. కంపైలర్ నోరు మూసుకుంది. తప్పుల్లేవు, హెచ్చరికల్లేవు. మాడ్యూల్ లోడ్ అయింది. మొదటి రీడింగ్‌కే యంత్రం బిగుసుకుపోయింది. కారణం తేలికే: కాల్‌బ్యాక్ తనకు పరికరం చిరునామా వచ్చిందనుకుంది. వచ్చింది టైమర్ చిరునామా. దాన్నే పరికరంగా భావించి, సంబంధం లేని జ్ఞాపకస్థలంలో చెయ్యి పెట్టింది.

మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే ఆ ప్రోగ్రామే ఆగుతుంది. కెర్నెల్ లోపల తప్పు చేస్తే యంత్రమంతా ఆగుతుంది. ఒక్కోసారి ఆగకుండా తప్పుడు కొలతలు చూపుతూ పోతుంది. అది ఇంకా ప్రమాదం.

సరైన పద్ధతి ఏమిటంటే, టైమర్ మన పరికరం స్ట్రక్చర్ లోపలే ఒక సభ్యంగా ఉంటుంది కాబట్టి, టైమర్ చిరునామా నుంచి స్ట్రక్చర్ చిరునామాను వెనక్కి లెక్కించుకోవచ్చు. ఇందుకు 'ఫ్రమ్_టైమర్' అనే మాక్రో ఇచ్చారు. 6.16లో దాని పేరు కూడా మారి 'టైమర్_కంటైనర్_ఆఫ్' అయింది. కాని ఈ రెండింటికీ అడుగున ఉన్నది 'కంటైనర్_ఆఫ్' అనే పాత మాక్రో. అది పాత కెర్నెళ్ళలోనూ, కొత్తవాటిలోనూ ఉంది. దాన్నే నేరుగా వాడితే ఈ పేరుమార్పు మనల్ని తాకదు. తరచుగా మారే పై పొర కంటే, మారని పునాదిని పట్టుకోవడం మంచిదన్న సూత్రాన్ని ఇక్కడ గుర్తుంచుకోండి.

కాబట్టి 'శుభ్రంగా బిల్డ్ కావడం' అంటే తప్పులు, హెచ్చరికలు లేకపోవడం మాత్రమే కాదు. వాటిని దాచకుండా పోగొట్టడం. ఇతర హెచ్చరికలు కూడా వెర్షన్‌తో మారతాయి. 5.3 నుంచి 'స్విచ్'లో ఒక 'కేస్' నుంచి మరో దానిలోకి చెప్పకుండా జారితే హెచ్చరిక వస్తుంది. 6.8 నుంచి ముందుగా ప్రకటించని బహిరంగ ఫంక్షన్‌కు హెచ్చరిక వస్తుంది. ఆ ఫంక్షన్ అదే ఫైలులో వాడేదైతే 'స్టాటిక్' చేర్చడమే మందు. ఇంకొక మార్పు: 5.15లో వచ్చిన ఒక ఐచ్ఛికాన్ని ఎంచుకొంటే ప్రతి హెచ్చరికా తప్పుగానే లెక్క. నిన్న పట్టించుకోని హెచ్చరిక రేపు బిల్డ్‌ను ఆపుతుందన్నమాట.

7.7 అన్నింటికీ ఒకే హెడర్

కొత్తగా నేర్చుకొనేవారు చేసే సాధారణ పొరపాటు, డ్రైవర్ ఫైలులో అడుగడుగునా 'ఇఫ్', 'ఎల్స్' చల్లడం. మూడేళ్ళలో ఆ ఫైలు చదవడానికి వీలులేకుండా పోతుంది. దీనికి బదులు ఈ కింది పద్ధతి పాటించండి.

మొదటి అడుగు: డ్రైవర్ ముఖ్య ఫైలును సరికొత్త కెర్నెల్ పద్ధతిలోనే రాయండి.

రెండో అడుగు: తేడాలన్నింటినీ 'కంపాట్' అనే ఒక హెడర్ ఫైలులో పెట్టండి. ఉదాహరణకు, మీ డ్రైవర్ ఎప్పుడూ 'మన_క్లాస్_క్రియేట్' అని పేరు ఒక్కటే ఇచ్చి పిలుస్తుంది. కంపాట్ హెడర్‌లో, 6.4 లేదా ఆపైన అయితే అది నేరుగా 'క్లాస్_క్రియేట్'ను పేరుతో పిలుస్తుంది. అంతకు ముందైతే మాడ్యూల్ చిరునామాను కూడా కలిపి పిలుస్తుంది.

మూడో అడుగు: తిరిగిచ్చే విలువ మారిన చోట అసలు పనిని 'వాయిడ్' ఫంక్షన్‌లో రాయండి. పాత కెర్నెళ్ళ కోసం, దాన్ని పిలిచి సున్నా తిరిగిచ్చే పలుచటి ఫంక్షన్‌ను పైన చేర్చండి.

నాలుగో అడుగు: ప్రతి తేడా పక్కన అది ఏ వెర్షన్‌లో వచ్చిందో ఒక వాక్యం రాయండి. పాత కెర్నెల్‌కు మద్దతు మానేసిన రోజున ఆ వరుసలను తీసివేస్తే చాలు, ముఖ్య ఫైలును ముట్టుకోనవసరం లేదు.

7.8 ముందుగానే పరీక్షించడం

వేరే కెర్నెల్‌తో బిల్డ్ అవుతుందో లేదో చూడడానికి ఆ కెర్నెల్‌తో యంత్రాన్ని బూట్ చేయనవసరం లేదు. దాని హెడర్ల ప్యాకేజీ ఉంటే చాలు. 'మేక్' ఆదేశానికి హెడర్ల డైరెక్టరీని, మన మాడ్యూల్ డైరెక్టరీని చూపిస్తే కెర్నెల్ బిల్డ్ వ్యవస్థే మిగిలిన పని చూసుకొంటుంది. ఈ ఆదేశాన్ని ఒక చిన్న షెల్ స్క్రిప్టులో లూప్‌గా పెట్టి, ఈ కింది కెర్నెళ్ళ మీద వరసగా నడపవచ్చు:

• ఉబుంటు 20.04 – 5.4
• డెబియన్ 11 – 5.10
• ఉబుంటు 22.04 – 5.15
• డెబియన్ 12 – 6.1
• ఉబుంటు 24.04 – 6.8

ఇవి ఆయా పంపిణీలు విడుదలైనప్పటి కెర్నెళ్ళు. వీటితో పాటు అప్పటికి వచ్చిన సరికొత్త కెర్నెల్‌ను కూడా చేర్చుకోండి. రాబోయే ఇబ్బంది అక్కడే ముందుగా కనిపిస్తుంది.

బిల్డ్ కావడం, లోడ్ కావడం ఒకటి కాదు. ప్రతి మాడ్యూల్‌లో అది ఏ కెర్నెల్ కోసం తయారైందో తెలిపే 'వెర్‌మ్యాజిక్' అనే ముద్ర ఉంటుంది. అది సరిపోలకపోతే కెర్నెల్ మాడ్యూల్‌ను తిరస్కరిస్తుంది. లోడ్ పరీక్షలను క్యూఎమూ వంటి కల్పిత యంత్రంలో చేస్తే, మీ సొంత కంప్యూటర్ బిగుసుకుపోయే భయం ఉండదు.

7.9 డీకేఎంఎస్

డెల్ సంస్థ ఇంజినీర్లు 2003లో డీకేఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. డ్రైవర్ సోర్స్‌ను దానికి అప్పగిస్తే, కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ అది తనంతట తాను మాడ్యూల్‌ను మళ్ళీ బిల్డ్ చేస్తుంది. అయితే అది కోడ్‌ను సరిదిద్దదు. 'సెటప్_టైమర్' వాడే కోడ్‌ను డీకేఎంఎస్‌కు ఇచ్చినా అదే తప్పు వస్తుంది.

మీలో చాలామంది పాత లాప్‌టాప్, దానికొక చవక వైఫై డాంగిల్‌తో చదువుకొంటూ ఉంటారు. ఆ డాంగిల్ డ్రైవర్ ట్రీ బయటిదైతే, అప్‌డేట్ తరవాత ఇంటర్నెట్టే ఉండదు. మందు తెచ్చుకోవడానికి వెళ్ళే దారే మూసుకుపోతుంది. అందుకని మూడు జాగ్రత్తలు పాటించండి. పనిచేస్తున్న పాత కెర్నెల్‌ను తొలగించకండి. కొత్త కెర్నెల్‌తో పాటే దాని హెడర్లను కూడా దించుకోండి. అవసరమైతే ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి ఇంటర్నెట్ వాడుకోండి. అందుకు కావలసిన డ్రైవర్లు సాధారణంగా కెర్నెల్‌తోనే వస్తాయి. పరీక్షకు ముందు రోజు మాత్రం ఏ అప్‌డేటూ చేయకండి.

7.10 శాశ్వత పరిష్కారం

ఇంతవరకు చెప్పినదంతా బయట ఉండి నెట్టుకురావడం. అసలైన పరిష్కారం డ్రైవర్‌ను కెర్నెల్ ట్రీలోకి పంపడం. అందుకు కోడ్ జీపీఎల్‌కు అనుకూలమైన లైసెన్సు కింద ఉండాలి, కెర్నెల్ శైలి నియమాలు పాటించాలి, నిర్వాహకుల సమీక్షకు ఓపికగా జవాబులివ్వాలి. అక్కడ కంపాట్ హెడర్‌ను అంగీకరించరు. కోడ్ నేటి కెర్నెల్‌కు మాత్రమే రాసినదై ఉండాలి. ముఖ్య ఫైలును సరికొత్త పద్ధతిలోనే రాయమని 7.7లో చెప్పడానికి ఇది మరో కారణం: హెడర్‌ను పక్కన పెడితే, పంపవలసిన కోడ్ దాదాపు సిద్ధంగా ఉంటుంది.

నేను ఆ కార్డు డ్రైవర్‌ను ట్రీలోకి పంపలేకపోయాను. సంస్థ ఇచ్చిన లైసెన్సు అందుకు ఒప్పుకోలేదు. కంపాట్ హెడర్ రాసి, లాబ్ సహాయకుడికి బిల్డ్ స్క్రిప్టు అప్పగించి వచ్చాను. తరవాతి సెమిస్టర్‌లో కెర్నెల్ అప్‌డేట్లు వచ్చినా విద్యార్థులకు ఆ సంగతే తెలియలేదు. వారికి తెలియకపోవడమే ఈ పనికి కొలబద్ద.

7.11 సారాంశం

సిస్టమ్ కాల్స్ స్థిరం. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు అస్థిరం. ట్రీ లోపలి డ్రైవర్లను మార్పు చేసినవారే సరిదిద్దుతారు. బయటి డ్రైవర్ల బాధ్యత రాసినవారిదే. వెర్షన్ పరీక్ష తేలిక, కాని బ్యాక్‌పోర్టుల దగ్గర పొరబడుతుంది. సదుపాయ పరీక్ష శ్రమతో కూడినది, కాని హెడర్లలో ఉన్నదే చూస్తుంది. తేడాలు ఒకే హెడర్‌లో ఉండాలి. టైప్ కాస్ట్‌తో హెచ్చరికను దాచకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1: సమాధానాలు
(అ) 5 × 65536 + 6 × 256 = 329216.
(ఆ) సిస్టమ్ కాల్స్ స్థిరంగా ఉంటాయి. లోపలి ఇంటర్‌ఫేస్‌లకు ఆ హామీ లేదు.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది వాటికి 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. టైమర్ కాల్‌బ్యాక్‌కు టైప్ కాస్ట్ పెట్టడం వల్ల కలిగే ప్రమాదాన్ని వివరించండి.
2. మూడో అంకె 255 దాటినప్పుడు వెర్షన్ కోడ్‌లో వచ్చే చిక్కును లెక్కతో చూపండి.

II. ఈ కింది వాటికి 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. వెర్షన్ పరీక్షను, సదుపాయ పరీక్షను పోల్చి, ఒక్కొక్కదాని లోపాన్ని ఉదాహరణతో రాయండి.
2. కంపాట్ హెడర్ పద్ధతిలోని నాలుగు అడుగులను చర్చించండి.

III. అభ్యాసం
2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. 2016 తేదీని మాత్రమే పరీక్షించే ఫారం ములుగువాసికి ఏ తప్పు జవాబిస్తుంది? ఆ ఫారాన్ని సరిచేసే రెండు మార్గాలు రాసి, ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో, ఎందుకో చెప్పండి.